శ్రీమతి ముందు నువ్వు తిన్నావా గారి జరిమానా

కోర్టు జరిమానాల ఆఫీసులో ఉన్న పెద్దలందరికీ,

జిప్పులమ్మ నమస్కారాలు పెట్టి రాసుకుంటున్నది. మీరంతా క్షేమమే అనుకుంటాను. నా క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక మీరే చెప్పాలి.

బస్టాండు వెనక సందులో, మెట్ల కింద కుట్టుమిషన్ పెట్టుకుని బ్యాగులకి జిప్పులు మార్చే ముసలిదాన్ని నేనే. మిషన్ కాలు ఒకటి జనం నడిచే దారిలోకి వచ్చిందని మేజిస్ట్రేటుగారు జరిమానా వేశారు. తప్పే. కాలు లోపలికి జరిపితే చక్రం గోడకి తగులుతుంది, అది వేరే సంగతి. ఒక్కసారిగా కట్టలేనంటే దయతలచి నెలనెలా కట్టుకోమన్నారు. వాయిదా తప్పితే మిషన్ జప్తు చేస్తామని కూడా అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ప్రతి నెలా మీ కిటికీ తెరవకముందే వచ్చి నిలబడేదాన్ని. మీ వాచ్‌మన్ని అడగండి, నన్ను చూస్తేనే విసుక్కునేవాడు.

ఈ నెల వస్తే కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. ఇకమీదట అంతా ఫోనులోనేనట. ఫోను వస్తుందట, "అవును" అంటే చాలట, బ్యాంకులో ఉన్న నా డబ్బు దానంతటదే మీ దగ్గరికి నడిచి వచ్చేస్తుందట. భయమేసింది. అయినా కోర్టువారి మాట కదా అని ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వచ్చింది. ఎవరో ఆడపిల్ల. "నమస్కారం. జరిమానా వసూళ్ల విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీ పేరు చెప్పండి," అంది. పాపం, గొంతు బొంగురుపోయి ఉంది.

"ముందు నువ్వు తిన్నావా?" అన్నాను.

"ధన్యవాదాలు. మీ పేరు నమోదైంది," అంది.

"నా పేరుకేంలే తల్లీ, ఆ గొంతేమిటి, జలుబా?"

"గడువు లోపు..." అని ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. తర్వాత, "చెల్లించడానికి సిద్ధమేనా? అవును, లేదు, ఏదో ఒకటి చెప్పండి," అంది.

"అది తర్వాత చూద్దాం. నీకు ఆవిరి పట్టించే మనిషి ఇంట్లో ఉందా, లేదా?"

"మీ సమాధానం 'లేదు' అని నమోదైంది," అని పెట్టేసింది.

సాయంత్రం మళ్లీ అదే పిల్ల. తెల్లారి మళ్లీ అదే పిల్ల. కటింగ్ షాపు తమ్ముడికీ అదే పిల్ల, టీ బండి అమ్మాయికీ అదే పిల్ల. మా సందులో అందరికీ ఒక్కరోజే జరిమానాలు పడ్డాయి లెండి. ఇంత ఊరికి ఒక్క పిల్లేనా బాబూ? అదీ జలుబుతోనా? పెద్ద మనసు చేసుకుని ఒకపూటైనా ఇంటికి పంపండి. పడుకుని లేస్తుంది.

ఇట్లు,
మీ మాట జవదాటని
జిప్పులమ్మ

తా.క. స్టాంపు సరిగా అంటుకుందో లేదో అని అనుమానమొచ్చి పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టాను. ఇరుక్కుంది. తాళాలు బాగుచేసే ఆయన వచ్చి నూనె పోసి చేతినీ, ఉత్తరాన్నీ బయటికి తీశాడు. అందుకే ఉత్తరం మీద నూనె మరక.

*

శ్రీమతి ముందు నువ్వు తిన్నావా గారికి,

మీ ఉత్తరం అందినది. పరిశీలించడమైనది.

మీతో ఫోనులో మాట్లాడినది మనిషి కాదని తెలియజేయడమైనది. జరిమానాల వసూళ్లు పెంచే నిమిత్తం మా విభాగం కొత్తగా ప్రవేశపెట్టిన కంప్యూటర్ యంత్రం అది. దానికి ఆకలి, నిద్ర, జలుబు ఉండవు. కావున సెలవు మంజూరు చేయు ప్రశ్న ఉత్పన్నం కాదు.

మీ పేరు మీరు చెప్పినట్లే యంత్రంలో నమోదైనది. చెల్లింపునకు మీరు నిరాకరించినట్లు కూడా నమోదైనది. ఇదే విధంగా కొనసాగినచో మీ కుట్టుమిషన్ జప్తునకు యంత్రం తనంతట తానే ఉత్తర్వు పంపగలదు. తదుపరి ఫోను వచ్చినప్పుడు "అవును" అని మాత్రమే చెప్పవలసినదిగా కోరడమైనది.

ఇట్లు,
గుమాస్తా,
జరిమానా వసూళ్ల విభాగం

తా.క. "తిన్నావా" అన్న మీ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి మా నమూనాలో గడి లేదు.

*

గుమాస్తాగారికి,

జిప్పులమ్మ భయపడుతూనే రాస్తున్నది. మీ ఉత్తరం పైన ఎవరి పేరో ఉంటే నాది కాదని పోస్టుమాన్‌కి తిరిగిచ్చేశాను. అతనే విప్పి చదివి, "జిప్పులమ్మా, ఇలా రాయించుకునేది ఊళ్లో నువ్వే," అని నా చేతిలో పెట్టాడు.

మీరు చదువుకున్నవాళ్లు. నేను మూడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినదాన్ని. మీరు యంత్రమంటే కాదనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ బాబూ, పెళ్లయినప్పటి నుంచి మిషన్ తొక్కుతున్నాను. మిషన్ సంగతి నాకు తెలియదా? మిషన్ మొరాయిస్తుంది, దారం తెంపుతుంది, నూనె అడుగుతుంది. ముక్కు ఎగబీల్చదు.

పోనీ నేను చాదస్తపు దాన్నే అనుకోండి. కటింగ్ షాపు తమ్ముడికి వచ్చినప్పుడు కూడా చెవి పెట్టి విన్నాను. గడ్డం సగం గీయించుకున్న మనిషి కూడా కుర్చీలోంచి లేచొచ్చి విన్నాడు. ప్రతిసారీ "గడువు లోపు" దగ్గరకొచ్చేసరికి ఆ పిల్ల గొంతు పట్టేస్తోంది. వేరే ఏ మాట దగ్గరా లేదు. ఆ మాట దగ్గరే దానికి ఏదో గుర్తొస్తోంది.

నేను పెద్ద కుట్టు కార్ఖానాలో చేసిన రోజుల్లో మా వరసలో కూచునే ఆడవాళ్లందరికీ ఈ గొంతు ఉండేది. వెనకాల మేస్త్రీ నిలబడి ఉంటాడు. ఇంట్లో ఏదో కష్టం. ఏడిస్తే గుడ్డ మీద మరక పడుతుంది, కూలీ కోస్తారు. అందుకని ఏడుపు మింగి తొక్కేవాళ్లం. మొదట జలుబనుకున్నాను గానీ, అది జలుబు కాదు. మింగిన ఏడుపు.

నిన్నంతా కూచుని ఆలోచించాను. ఆలోచిస్తూ ఒక సంచికి జిప్పు తిరగేసి కుట్టాను కూడా. చివరికి ఒకటి అనుకున్నాను. ఆ పిల్లకి సెలవిస్తే ఆ క్షణమే "అవును" అంటాను. ఇవ్వకపోతే అనను. డబ్బు బ్యాంకులోనే ఉంది, ముట్టుకోను. మిషన్ పోతుందేమోనని కాళ్లూ చేతులూ ఆడటం లేదు. అదొక్కటే నా అన్నం గిన్నె. అయినా అనను.

ఇట్లు,
వణుకుతూ, గట్టిగానే,
జిప్పులమ్మ

తా.క. దుప్పటి కప్పుకుని వేడినీళ్ల ఆవిరి పట్టమనండి. ఊరికే మొహం చూపించి లేవడం కాదు, చెమట పట్టాలి. యంత్రమే అయితే పట్టించకండి, తుప్పు పడుతుంది.

*

శ్రీమతి ముందు నువ్వు తిన్నావా గారికి,

మీ వైఖరి మా ఆఫీసరుగారి దృష్టికి తీసుకువెళ్లడమైనది. వారు మిక్కిలి ఆగ్రహించారు.

బస్టాండు వెనక సందులో కటింగ్ షాపు యజమాని, టీ బండి నిర్వాహకురాలు, తాళాల మరమ్మతుదారు కూడా యంత్రానికి ఇదే జవాబు చెబుతున్నట్లు నమోదైనది: "ఆ పిల్లకి సెలవివ్వండి." నిన్నటి నుంచి పక్క సందువారు కూడా అంటున్నారు. ఇది కోర్టు విధులకు వ్యతిరేకంగా సాగుతున్న ఉద్యమమని ఆఫీసరుగారు భావిస్తున్నారు. "ఆ పిల్ల" అనే వ్యక్తి దీనికి నాయకురాలని యంత్రం గుర్తించి, ఆమె పేర వేరుగా దస్త్రం తెరిచినది. ఆమె చిరునామా మీకు తెలిసినచో వెంటనే తెలియజేయగలరు.

మీ మిషన్ జప్తునకు ఉత్తర్వు వెలువడినది. జప్తు అమలుచేయు కోర్టు ఉద్యోగి అమీనా ఈ వారంలో రాగలరు.

ఇట్లు,
గుమాస్తా,
జరిమానా వసూళ్ల విభాగం

తా.క. ఆఫీసరుగారి సంతకం అయ్యాక ఇది చేత్తో రాస్తున్నాను. మా ఆఫీసులో ఒకరు దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టి చూశారు. చెమట పట్టింది. నయంగా ఉందట.

*

గుమాస్తాగారికి,

జిప్పులమ్మ నమస్కారాలు. నయమైందని రాశారు. చదివి గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. ఇంతలో ఫోను మోగింది. అదే ముక్కు, అదే చోట! వయసైనవాళ్లతో ఇలాంటి అబద్ధాలు ఆడొచ్చా బాబూ?

మీ అమీనా వచ్చాడు. ఆ ముచ్చట చెప్పాలి. సందు మొదట్లో నిలబడి కాగితం చూసి గట్టిగా చదివాడు: "ముందు నువ్వు తిన్నావా!"

టీ బండి అమ్మాయి, "ఇప్పుడే తిన్నానన్నా. మరి నువ్వో?" అంది.

అతను మొహం ముడుచుకుని తాళాలాయన దగ్గరికి వెళ్లి మళ్లీ చదివాడు. "నేనింకా లేదండీ, పెట్టిస్తారా?" అన్నాడు తాళాలాయన.

"కోర్టు మనిషితో వేళాకోళమా?" అని అమీనా కేకలేశాడు. సందు సందంతా బయటికొచ్చింది. కటింగ్ షాపు తమ్ముడు నా చెవిలో, "అక్కా, నోరు మెదపకు. ఆ పేరుగల మనిషి భూమ్మీదే లేదు. మిషన్‌ని ఎవడూ ముట్టుకోలేడు," అన్నాడు.

నిజమే. కానీ నోరు మూసుకుని కూచుంటే నాకు ఊపిరాడదు. లేచి నిలబడ్డాను.

"బాబూ, ఆ పేరు నాది కాదు. జరిమానా మాత్రం నాదే," అన్నాను.

"పేరు నీది కాకపోతే జరిమానా నీదెలా అవుతుంది?"

"పేరు తప్పయితే కాలు అబద్ధమవుతుందా? దారిలోకి వచ్చిన కాలు ఇదిగో. తీసుకెళ్లు."

తమ్ముడు తల కొట్టుకున్నాడు. అమీనా కాగితం చూశాడు, మిషన్ చూశాడు, నన్ను చూశాడు. పేరు కలవనిదే తీసుకెళ్లకూడదట. తీసుకెళ్లకుండా వెళ్తే ఆఫీసరుగారు తిడతారట. చెమట తుడుచుకుంటుంటే చూశాను, అతని బ్యాగు పట్టీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. అందులో కోర్టు కాగితాలున్నాయాయె, దారిలో పడిపోతే ఎవరి కొంప మునుగుతుందో! కూచోబెట్టి కుట్టేశాను. డబ్బిస్తానన్నాడు. జప్తుకొచ్చిన వాడి దగ్గర డబ్బు తీసుకుంటే లంచమవుతుందేమోనని వద్దన్నాను. డబ్బు వద్దనడం కూడా లంచమేనేమోనని ఇప్పుడు దిగులుగా ఉంది. ఏది లంచమో రాయండి.

నా మాట ఇదీ. పేరు సరిచేసి అమీనాని మళ్లీ పంపండి. మిషన్ తుడిచి, నూనె వేసి, మూత పెట్టి ఉంచుతాను. ఎవరింటికి వెళ్లినా దాని నడక మెల్లగా ఉంటుందని, తొందరపెట్టొద్దని చెప్పండి. కానీ ఆ పిల్లకి సెలవిచ్చేదాకా నా నోట "అవును" రాదు.

ఇట్లు,
మిషన్ మీద చెయ్యి వేసుకుని,
జిప్పులమ్మ

తా.క. "ఆ పిల్ల" చిరునామా అడిగారు. మీ ఆఫీసే.

*

పెద్దమ్మగారికి,

నమస్కారాలు. ఇది ఆఫీసు ఉత్తరం కాదు. అందుకే నమోదు సంఖ్య లేదు. మీరు "గుమాస్తాగారూ, బాబూ" అని రాస్తున్నది నాకే. నేను బాబును కాదు, ఆడమనిషిని. ఆ పిల్లను కూడా నేనే.

మీకు అబద్ధం రాయలేదు పెద్దమ్మా. ఫోనులో మాట్లాడేది యంత్రమే. కాకపోతే దానికి గొంతు కావలసి వచ్చింది. బయటి నుంచి గొంతు కొనడానికి మా విభాగానికి డబ్బు మంజూరు కాలేదు. ఆఫీసరుగారు, "మన గుమాస్తా ఉందిగా, ఒక గంట చదివేస్తే అయిపోతుంది," అన్నారు. ఆ రోజు మా అమ్మకి ఆపరేషన్. సెలవడిగాను. "రేపే ప్రారంభోత్సవం, గొంతు ఇచ్చి వెళ్లు," అన్నారు. గాజుగదిలో కూచుని చదివాను. అంతకు ముందే డాక్టరు ఫోనులో, "ఈ గడువు దాటితే గానీ ఏమీ చెప్పలేం," అన్నాడు. కాగితంలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. మళ్లీ చదవడానికి వ్యవధి లేక అలాగే ఎక్కించేశారు. ఊరంతా విన్నారు. ఎవరికీ వినపడలేదు. మీకు వినపడింది.

అమ్మ ఇంటికొచ్చేసింది. ఆవిరి పట్టింది నేనే. గొంతు బాగైంది నాకు. యంత్రంలో ఉన్న గొంతుకి ఎలా నయమవుతుంది చెప్పండి?

మీ సందులో వసూళ్లు ఆగిపోయాయని జడ్జిగారు మా అందరినీ పిలిపించారు. కొత్త యంత్రం పెట్టాక వసూళ్లు పెరగాలి గానీ తగ్గడమేమిటని అడిగారు. ఆఫీసరుగారు ఉద్యమమనీ, నాయకురాలనీ ఏదో చెప్పబోయారు. జడ్జిగారు వినిపించుకోకుండా యంత్రం రికార్డు చేసిన ఫోను మాటలన్నీ పెట్టించారు. నా గొంతు వచ్చింది. "గడువు లోపు" దగ్గర ఆయన చెయ్యెత్తి, "ఎవరిదీ గొంతు?" అన్నారు. ఉద్యోగం పోతే పోయిందని లేచి నిలబడ్డాను. మీరు మిషన్ కాలు చూపించి నిలబడ్డారని అమీనా చెప్పి ఉండకపోతే నేను లేచేదాన్ని కాదు.

జడ్జిగారు ఆఫీసరుగారి వైపు తిరిగి ఒక్కటే అన్నారు: "యంత్రానికి సెలవు అక్కర్లేదని మనిషికి కూడా మానేశారా?" నాకు వారం రోజులు సెలవు ఇచ్చారు. నా గొంతు యంత్రంలోంచి తీసేశారు. మీ జప్తు రద్దు చేశారు. కిటికీకి కొట్టిన చెక్క కూడా పీకించారు.

ఇప్పుడు అసలు సంగతి. నా గొంతుతో పాటు మీ గొంతు కూడా వినిపించింది కదా. "ఆవిరి పట్టించే మనిషి ఉందా" అన్నప్పుడు అమీనా తల వంచుకున్నాడు. టైపు చేసే ఆవిడ లేచి వాళ్లమ్మకి ఫోను చేయడానికి బయటికి వెళ్లిపోయింది. ఆఫీసరుగారు గొంతు సవరించుకుని, బండి తప్పుచోట పెట్టినందుకు తనకు పడిన జరిమానా ఒకటి బాకీ ఉందని అందరి ముందూ ఒప్పుకున్నారు. అప్పుడు జడ్జిగారు, "వసూలు చేయాల్సిన గొంతు ఇదయ్యా!" అన్నారు.

మీ గొంతు యంత్రానికి ఇస్తారా పెద్దమ్మా? ఆ కూలీ మీ జరిమానాలో తగ్గిస్తామని ఆఫీసరుగారి మాట.

ఇట్లు,
మీ
ఆ పిల్ల

తా.క. తిన్నాను.

*

చిరంజీవి ఆ పిల్లకి,

జిప్పులమ్మ దీవించి రాస్తున్నది. అమ్మ గాయం ఆరిందా? కుట్లు ఎన్ని వేశారు? దగ్గరగా వేశారా, దూరంగా వేశారా? దూరంగా వేస్తే పిగులుతాయి, చూసుకోండి.

నీకు సెలవిచ్చారని నీ ఉత్తరంలో చదివిన వెంటనే ఆగిన వాయిదా కట్టేశాను. ఫోనులో కాదు, కిటికీ దగ్గరే. సందంతా నా వెనక వరసలో నిలబడింది. గొంతు ఇచ్చిన కూలీ మాత్రం విడిగా నా చేతికే ఇమ్మన్నాను. రెండూ కలిపేస్తే నా తప్పు ఎప్పుడు తీరిందో నాకే తెలియదు.

గొంతు ఇవ్వడానికి మీ గాజుగదిలో కూచున్నాను. ఆఫీసరుగారు అద్దం అవతల నిలబడి ఏదో సైగ చేస్తుంటే, "బాబూ, మొహం పీక్కుపోయింది, తిన్నావా?" అన్నాను. తినలేదట! వెళ్లి తినొస్తేగాని నోరు విప్పనన్నాను. ఆయనొచ్చాక వాళ్లిచ్చిన కాగితం పక్కన పెట్టి నాకు తోచింది చెప్పాను. "నాయనా, తల్లీ, ఎవరైనా సరే, ముందు తిన్నావా? తిన్నానని అబద్ధం చెప్పకు, గొంతులో తెలిసిపోతుంది. జరిమానా కట్టాలిగా మరి. ఉంటే అవునను. లేకపోతే దాక్కోవద్దు, దాక్కుంటే ఉన్నది కూడా పోతుంది. కోర్టుకెళ్లి వాయిదా అడుగు, ఇస్తారు, మనుషులే. వెళ్లేటప్పుడు గొడుగు పట్టుకెళ్లు." గొడుగు మాట తీసేద్దామని ఆఫీసరుగారు అన్నారు. ఉంచమని జడ్జిగారు అన్నారట.

ఇప్పుడు మీ కిటికీ ముందు గొడుగులు పట్టుకుని జనం బారులు తీరారని, ఎండలో కూడా పట్టుకొస్తున్నారని అమీనా చెప్పాడు. ఎగ్గొట్టి తిరిగేవాళ్లు వచ్చి వాయిదాలు అడుగుతున్నారట. మంచిదే. ఆ రద్దీలో ఎవరి కాలైనా నడిచే దారిలోకి వస్తుందేమో చూసుకోమను.

నిన్న మధ్యాహ్నం ఒక సంచితో కుస్తీ పడుతుంటే ఫోను మోగింది. నా చివరి వాయిదా మిగిలింది కదా, అందుకు. ఎత్తాను. నా గొంతే! "ముందు తిన్నావా?" అంది.

ఏం చెప్పను తల్లీ. ఊళ్లో కనబడిన ప్రతివాళ్లనీ నేనే అడుగుతాను. నన్ను అడిగేవాళ్లెవరు? సూది సంచికి గుచ్చి పెట్టాను. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అయినా అలవాటు కొద్దీ, "ఆఁ, తిన్నాలే," అన్నాను.

"అబద్ధం చెప్పకు, గొంతులో తెలిసిపోతుంది," అంది.

దొరికిపోయాను. ఫోను అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని డబ్బా విప్పి కడుపునిండా తిన్నాను. తిన్నాక గొడుగు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చివరి వాయిదా కట్టేశాను. బాకీ తీరింది. మిషన్ నాది.

ఇట్లు,
మీ
ముందు నువ్వు తిన్నావా

తా.క. కటింగ్ షాపు తమ్ముడు మళ్లీ కట్టడం మానేశాడు. "పాపం ఎవరో పెద్దావిడ, పొద్దస్తమానం ఊరందరికీ ఫోన్లు చేస్తోంది. ఆవిడకి సెలవిచ్చేదాకా అవును అననక్కా," అంటున్నాడు. ఆవిడ నేనేరా అంటే నమ్మడు. "నువ్వు ఇక్కడ కూచుని జిప్పు కుడుతుంటే అక్కడ మాట్లాడేదెవరు?" అంటాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ దిగులుగానే ఉంది. వీలు చూసి ఆవిడని ఒకపూట ఇంటికి పంపండి.